ఆజ్ఞ వెడలినది, కాగితము రాలేదు



కార్యాలయములలో పనిచేయువారికి నిత్యపరిచితమైన ఒక దృశ్యముతో ఈ ప్రసంగమును ఆరంభింతును. బల్లకడ కూర్చున్న గుమాస్తా తెరమీద 'ప్రింట్' అను మాటను నొక్కును. నొక్కి, లేచి, వరండా దాటి, మూలగదిలోనున్న ప్రింటరు చెంతకు పోవును. అచ్చట కాగితము లేదు. మరలివచ్చి మరల నొక్కును. ఈ పర్యాయము ఒకమారుతో తృప్తి చెందక మూడుమారులు నొక్కును. పక్కబల్ల వారు, "నాకూ రాలేదండీ" అని తామును నొక్కుదురు. ఇట్లు నలుగురు నొక్కిన పిమ్మట, ఏ సాయంకాలమో, ఎవ్వరును అడుగని వేళ, ఆ యంత్రము మేల్కాంచి, ఒకే ఉత్తరమునకు పదునాలుగు ప్రతులను నిర్విచారముగా కక్కివేయును.

ఇట్టి సమయములందు నిందయంతయు ప్రింటరుమీద పడుట లోకరీతి. చేతికి అందునట్టిది, చరచుటకు వీలైనట్టిది అదియొక్కటియే కదా! కాని చాలకాలము ఈ యంత్రముల నడుమ మెలగినవానిగా నేను గ్రహించినదేమనగా, పదింట ఏడెనిమిది తగవులలో ఆ మూలగదిలోని యంత్రము నిరపరాధి. దోషము మార్గమధ్యమున ఎక్కడనో ఉండును. ఆ దోషము రెండు జాతులది. దారి లేకపోవుట ఒకటి. దారి ఉండియు పోనీయకపోవుట రెండవది. మొదటిది చేరికకు సంబంధించిన చిక్కు, రెండవది అనుమతికి సంబంధించిన చిక్కు. ఊరికి బస్సు లేకపోవుటకును, బస్సుండియు కండక్టరు ఎక్కనీయకపోవుటకును ఎంత భేదమున్నదో వీనికిని అంత భేదమున్నది. అయినను రెండింటియందును ఫలమొక్కటియే, ట్రేలో కాగితము లేకపోవుట. కనుక మనము ఒకదాని మందును మరొకదానికి వేసి దినమంతయు వ్యర్థపుచ్చుచుందుము.

కాగితము చేయు ప్రయాణమును మొదట కొంచెము వివరింపవలసియున్నది. కార్యాలయములో ఒక సర్వరు, దానికి లోబడి ఒకటి రెండు ప్రింటర్లు, వానిని వాడుకొను ఇరువది ముప్పది కంప్యూటర్లు ఉన్నవనుకొనుడు. మీ కంప్యూటరులోని డ్రైవరు అనునట్టిది మీ ఉత్తరమును ఆ ప్రింటరునకు తెలిసిన భాషలోనికి మార్చును. పిమ్మట స్పూలరు అను ఉద్యోగి దానిని గ్రహించి, తీగల వెంబడి సర్వరులోని స్పూలరునకు పంపును. సర్వరు, వచ్చినవారెవరు, వీరికి ఈ ప్రింటరును వాడుకొను అధికారము కలదా అని విచారించి, కలదని తేలినచో ఆ ఉత్తరమును తన డిస్కుమీద ఫైలుగా వ్రాసి ఉంచుకొనును. విండోస్ సర్వరులయందు దీనికొక ప్రత్యేకమైన ఫోల్డరు ఉన్నది. అచ్చట ఒక్కొక్క ఉత్తరమునకు సాధారణముగా రెండేసి ఫైళ్లు: ఒకదానిలో ముద్రింపవలసిన విషయము, రెండవదానిలో పంపినవారి పేరు మొదలగు వివరములు. తరువాత తన వంతు వచ్చినప్పుడు ఆ ఉత్తరము ప్రింటరుయొక్క ఐపీ చిరునామాకు పోవును; పోయి, ఆ చిరునామాలో 9100 అను సంఖ్యగల ద్వారమును తట్టును. నేడు కార్యాలయములలోని ప్రింటర్లలో అత్యధికము ఆ ద్వారముకడనే ఎదురుచూచుచుండును.

ఉత్తరము సర్వరు డిస్కుమీద ఉండునన్న ఈ సంగతి తెలియకపోవుటచేతనే, ఒక విచిత్రమైన ఆచారము మన కార్యాలయములలో స్థిరపడినది. ఎవరో పొరపాటున రెండువందల పుటల నివేదికను ముద్రణకు పంపుదురు; అది ఆగదు; రద్దుచేయబోయిన పెద్దవారికి అధికారము చాలదు; అంతట ఒక వీరుడు పోయి ప్రింటరు తీగను గోడనుండి పీకివేయును. అందరును ఊపిరి పీల్చుకొందురు. పది నిముషములకు తీగ పెట్టగానే ఆ నివేదిక యథాప్రకారముగా వచ్చుచుండును, ఏలయన అది ఉన్నది యంత్రముయొక్క కడుపులో కాదు, సర్వరుయొక్క డిస్కుమీద. స్పూలరు సేవను నిలిపి, ఆ ఫోల్డరులోని ఫైళ్లను తీసివేసి, మరల సేవను ప్రారంభించినగాని అది వదలదు. సర్వరు డిస్కు నిండిపోయినప్పుడు ఎవ్వరికిని ఏ ముద్రణమును జరుగకపోవుటకును హేతువిదియే. వ్రాయుటకు చోటులేని గుమాస్తా ఏ ఉత్తరమును స్వీకరింపగలడు?

ఇక నా అనుభవములోని ఒక దినమును చెప్పెదను. నేను పనిచేసిన ఒక కార్యాలయమున అది మార్చి 31వ తేదీ. బిల్లులన్నియు ఆ సాయంకాలములోపల ట్రెజరీకి చేరవలెను. ముందునాటి రాత్రి గాలివానకు కరెంటు పోయి, తెల్లవారుజామున వచ్చెను. నేను ఆ దినమున కొంచెము ఆలస్యముగానే చేరితిని. గుమ్మములోనే సూపరింటెండెంటుగారు ఎదురై, "రండి రండి, ప్రింటరు చచ్చిపోయింది, మీకోసమే చూస్తున్నాం" అనిరి. అందరి తెరలమీదను ప్రింటరు పేరుకడ 'ఆఫ్‌లైన్' అని కానవచ్చుచుండెను. అది చాలనట్లు, వారము క్రిందట మరొక సెక్షనునుండి బదిలీపై వచ్చిన ఒక సోదరి కంప్యూటరుమీద అసలు ప్రింటరే చేరక, అనుమతి నిరాకరింపబడినదను సందేశము వచ్చుచుండెను. వ్యాధి ఒక్కటియే, లక్షణములు రెండని అందరితోపాటు నేనును భావించితిని. అదియే నా మొదటి తప్పు.

రెండవ తప్పు ఇంకను సిగ్గుపడదగినది. సర్వరుకడ కూర్చుండి, ప్రింటరు చిరునామాకు పింగ్ అను పిలుపును పంపితిని. ఆ చిరునామా చివర సంఖ్య 50. క్షణములో ప్రత్యుత్తరము వచ్చెను. దారి నిష్కంటకముగా ఉన్నదని నిశ్చయించుకొని, స్పూలరును ఆపి నడిపితిని. డ్రైవరును తీసివేసి మరల వేసితిని. సర్వరునే ఒకమారు ఆర్పి వెలిగించితిని. గంటన్నర గడచెను. బిల్లుల కట్టలు చేతబట్టుకొని నిలిచినవారి ముఖములను చూచుటకు ధైర్యము చాలక తెరవంకనే చూచుచుంటిని. అప్పుడు అటెండరు ఒకడు టీ గ్లాసు నా ముందుంచుచు, "జిరాక్సు మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది సార్, ఇందాకే ముప్పై కాగితాలు తీశాను" అనెను.

ప్రింటరును జిరాక్సు యంత్రమును అచ్చట ఒక్కటియే. అనగా కాగితము, టోనరు, రోలరు అన్నియు కుశలము. యంత్రమునకు ఆరోగ్యము చక్కగా ఉన్నప్పుడు దానినే విచారింపరాదా? పోయి, దాని నొసటనున్న చిన్న తెరమీద వెదకి, తన వివరములను తానే ముద్రించుకొను పుటనొకదానిని తీయించితిని. ఆ పుటలో దాని ఐపీ చిరునామా చివర సంఖ్య 51.

మరి 50వ సంఖ్యనుండి నా పిలుపునకు బదులు పలికినదెవరు? విచారింపగా, వాకిటి గోడకున్న హాజరు యంత్రము. ఉద్యోగులందరును వచ్చుచు పోవుచు వ్రేలు పెట్టునట్టిది. సంగతి ఇట్లు జరిగినది. చిరునామాలను పంచిపెట్టు రూటరు కరెంటు పోకతో తాను పంచిన వివరములను మరచిపోయెను. తెల్లవారుజామున కరెంటు వచ్చినప్పుడు హాజరు యంత్రము చప్పున లేచి ముందుగా పోయి 50ని పుచ్చుకొనెను. ప్రింటరు పెద్దది, బద్ధకముది, వేడెక్కి లేచునప్పటికి దానికి 51 మిగిలెను. రెండును ఒకదాని ఇంటిలో ఒకటి కాపురముండెను. సర్వరు మాత్రము పూర్వవాసనచేత బిల్లులన్నిటిని 50కే మోసికొనిపోయి, హాజరు యంత్రముయొక్క 9100 ద్వారమును తట్టుచుండెను; దానికి అట్టి ద్వారమే లేదు.

పింగ్ అను పిలుపు చెప్పునది ఆ చిరునామాలో ఎవరో ఒకరున్నారనియే కాని, మనవారే ఉన్నారని కాదు. తలుపు తట్టగా లోపలినుండి 'ఆఁ' అనిన కంఠము ఎవరిదో అడుగక, క్షేమమేనని తిరిగివచ్చిన బంధువువంటివాడనైతిని. ఆ వెంటనే 9100 ద్వారమును కూడ తట్టి చూచియున్నచో గంటన్నర మిగిలెడిది. దీనికి శాశ్వతమైన చికిత్స సులభమే. ప్రతి యంత్రమునకును తయారీలోనే ఒక భౌతికమైన గుర్తు ఇయ్యబడును. పండ్రెండు అక్షరముల ఆ గుర్తును రూటరులో నమోదుచేసి, ఈ గుర్తుగలవానికి ఎల్లప్పుడును ఈ చిరునామాయే ఇమ్మని శాసింపవలెను. అట్లు చేసి రెండు యంత్రములను ఎవరి ఇంటికి వారిని పంపితిని. క్యూలో చేరియున్న బిల్లులన్నియు ఒక్కసారిగా బయలుదేరెను. ఒక బిల్లునకు పదునొకండు ప్రతులు వచ్చుట నేను స్వయముగా చూచితిని.

ఆఫ్‌లైన్ అను మాటకు ఇది ఒక్కటియే అర్థము కాదు. ప్రింటరు క్షేమముగా ఉండి, చిరునామా సరియై, ద్వారము తెరచియుండియు, సర్వరు మధ్యమధ్య అడుగు కుశలప్రశ్నకు అది బదులీయకపోవుటచేత మాత్రమే ఆఫ్‌లైన్ అని చూపుట కలదు. ఆ కుశలప్రశ్నకు ఎస్‌ఎన్‌ఎంపీ అని పేరు. పోర్టు అమరికలలో దానిని మానిపించినచో ఆఫ్‌లైన్ పీడ విరగడయగును. ఈ చిట్కా తెలియక మంచి ప్రింటర్లను మరమ్మతునకు పంపినవారిని నేనెరుగుదును.

సరే, కాగితములు వచ్చుచున్నవి. ఆ సోదరికి మాత్రము రాలేదు. "మా అందరికీ వస్తున్నాయమ్మా, నీ కంప్యూటర్‌లోనే ఏదో ఉంది" అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పిరి. ఆమె కంప్యూటరులో ఏమియు లేదు. ఆమె పేరులో ఉన్నది.

విండోస్ సర్వరునందు ప్రింటరు విషయమై ముఖ్యమైన అధికారములు మూడు. ముద్రించుకొనుట మొదటిది, క్యూలోని ఉత్తరములను ఆపుట, తొలగించుట రెండవది, ప్రింటరుయొక్క అమరికలనే మార్చుట మూడవది. క్రొత్తగా పంచియిచ్చిన ప్రింటరునకు మొదటి అధికారము 'ఎవ్రీవన్' అను పేర సర్వజనులకును ఉండును. రెండవ అధికారము, ఎవరు పంపిన ఉత్తరముమీద వారికి మాత్రమే ఉండును. నీ కాగితమును నీవు రద్దుచేసికొనవచ్చును, పొరుగువాని కాగితమును ముట్టరాదు. ఇందొక ధర్మమున్నదని నాకెప్పుడును తోచును. అదిగాక, వలదని స్పష్టముగా వ్రాసిన నిషేధము ముందు ఇచ్చిన అనుమతి సాధారణముగా నిలువదు. ఒక గ్రూపు ద్వారా అనుమతియు, మరొక గ్రూపు ద్వారా నిషేధమును పొందిన ఉద్యోగికి నిషేధమే దక్కును.

మా ఆఫీసులో ఆ 'ఎవ్రీవన్'ను తీసివేసి, సెక్షనువారీగా గ్రూపులకు అధికారమిచ్చినది పూర్వము నేనే. ఆ సోదరి సెక్షను మారెను గాని గ్రూపు మారలేదు. బదిలీ ఉత్తర్వు ఫైలులోనికి ఎక్కెను గాని సర్వరునకు ఎవ్వరును చెప్పలేదు. అది తెలిసినంతనే పేరును గ్రూపులో చేర్చితిని. "ఇప్పుడు చూడండమ్మా" అంటిని. ఆమె నొక్కెను. మరల అదే నిరాకరణము. నా ముఖమున నెత్తురుచుక్క లేదు. సూపరింటెండెంటుగారు నా భుజముమీద చేయివైచి, మెల్లగా, "ఎందుకొచ్చిన గొడవండీ, అందరికీ అన్నీ ఇచ్చేయండి, పీడా వదిలిపోతుంది" అనిరి.

నిరాకరణమునకు కారణము చాల చిన్నది. ఉద్యోగి ఉదయమున పాస్‌వర్డు ఇచ్చి లోపలికి ప్రవేశించినప్పుడే, ఇతడు ఈయీ గ్రూపులకు చెందినవాడని ఒక చీటీ తయారగును. ఆ దినమంతయు ఎచ్చటికి పోయినను ఆ చీటీయే చూపింపబడును. మధ్యాహ్నము గ్రూపు మార్చినను చేతిలోని చీటీ పాతదే. ఆమె ఒకమారు సైన్ అవుట్ చేసి మరల లోపలికి వచ్చినంతనే ప్రింటరు చేరెను. అన్ని సరిచేసియు పనిచేయుట లేదని విసుగెత్తి, సరిచేసినదానిని మరల చెడగొట్టుకొన్నవారు ఈ చీటీ మూలముననే ఎందరో.

సూపరింటెండెంటుగారి హితవు మాత్రము తీసివేయదగినది కాదు. దేశమంతట అమలులోనున్న చికిత్స అదియే. అందరికి అన్ని అధికారములు ఇచ్చినచో ఆ క్షణమున కాగితము వచ్చుననుట సత్యము. కాని స్పూలరు అను ఆ ఉద్యోగి సామాన్యుడు కాడు. సర్వరునందు సర్వాధికారములతో సంచరించువాడు. వానిని మోసగించినవారికి సర్వరే స్వాధీనమగును. 2010వ సంవత్సరమున ఇరాను దేశపు అణుకేంద్రములోని యంత్రములను దెబ్బతీసినదని ప్రసిద్ధికెక్కిన స్టక్స్‌నెట్ అను కంప్యూటరు పురుగు, ఒక యంత్రమునుండి మరొకదానికి ప్రాకుటకు ఉపయోగించుకొన్న సందులలో ఒకటి ఈ స్పూలరులోనిదే. అతిథులకు సైతము తెరచియుంచిన ప్రింటరు ద్వారా అది లోపలికి ఫైళ్లను జారవిడువగలిగినది. ముద్రించుకొనుటకే కదా అని వదలిన తలుపు అది.

తిరిగి 2021లో అట్టి ఉపద్రవమే వచ్చినది. స్పూలరులోని మరొక లోపమును పరిశోధకులు కొందరు, అది అప్పటికే సరిదిద్దబడినదని భ్రమపడి, జూన్ నెలాఖరున వెల్లడించిరి; సరిదిద్దబడలేదు. దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు వచ్చెను. మైక్రోసాఫ్ట్ సంస్థ నెలకొకమారు మరమ్మతులను విడుదలచేయు తన అలవాటును ప్రక్కకు నెట్టి జూలై 6న అత్యవసరముగా మరమ్మతును విడుదల చేసెను; 2020 జనవరిలోనే తాము చేయివదలిన విండోస్ 7నకు కూడ ఇచ్చిరనిన భయము ఎంతటిదో ఊహింపవచ్చును. ఆగస్టు 10నుండి, అడ్మినిస్ట్రేటరు కానివాడు నెట్‌వర్కు ప్రింటరు డ్రైవరును వేసికొనరాదని కట్టుదిట్టము చేసిరి. అంతవరకు తానే చేర్చుకొన్న ప్రింటరును గుమాస్తా అటుపిమ్మట చేర్చుకొనలేకపోవుటకు మూలమిది. ఆ సెప్టెంబరు 14న మరొక నియమము అమలులోనికి వచ్చి, కంప్యూటరు సర్వరుతో పలుకు ముద్రణపు మాటలన్నియు రహస్యభాషలో సాగవలెనని నిర్బంధించినది. ఆ నిర్బంధమునకు ఒకరు లోబడి, మరొకరు లోబడనిచోట, 11బి అని ముగియు ఒక తప్పు సంఖ్య తెరలమీద ప్రత్యక్షమయ్యెను. అప్పటినుండి, విండోస్ తన అమరికలను దాచుకొను రిజిస్ట్రీలో ఒక విలువను సున్న చేసినచో అంతయు నడచునను ఔషధము చెవినుండి చెవికి ప్రాకినది. నడచును. గడియ తెరచుకొనుట లేదని తలుపునే ఊడదీసినచో ఇంటిలోనికి పోవుటకు అడ్డేమున్నది? సర్వరునకును కంప్యూటర్లకును రెండింటికిని క్రొత్త మరమ్మతులు వేసి సమానము చేయుట కష్టమైనను అదియే మేలు. ఆ కష్టము పడుటకు తీరికలేక సున్న చేసినవారిలో నేనును ఒకప్పుడు ఒకడను. తరువాత మరల ఒకటి చేసితిని గాని, నడుమ గడచిన నెలలను తలచుకొన్నప్పుడెల్ల గుండె ఝల్లుమనును.

ప్రింటరు విషయమై అనుమతి నిరాకరింపబడి, ఆ కోపము చరిత్రకెక్కిన సందర్భము కూడ ఒకటి కలదు. ప్రసంగమునకు కొంచెము దూరమైనను చెప్పకుండ ఉండలేను. అమెరికాలోని ఎంఐటీలో కృత్రిమమేధ పరిశోధనశాలయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరుండెను. అచ్చటి పాత ప్రింటరు తరచు కాగితము ఇరుక్కొని ఆగిపోవుచుండగా, దాని ప్రోగ్రామును తిరిగి వ్రాసి, ఆగినప్పుడెల్ల వేచియున్నవారి తెరలమీద వార్త కనబడునట్లు ఆయన చేసెను. 1980 ప్రాంతమున జిరాక్స్ సంస్థనుండి క్రొత్త లేసరు ప్రింటరు వచ్చెను, అదియును ఇరుక్కొనుచుండెను, కాని దాని ప్రోగ్రాముయొక్క మూలలిపి, అనగా సోర్స్ కోడు, ఈయబడలేదు. అది ఉన్నదన్న మరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఎవ్వరికి ఈయనని మాట ఇచ్చియున్నానని ఆయన కాదనెను. స్టాల్‌మన్ 1983లో గ్నూ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు నాంది పలుకుటకు ఆ కాగితపు ఇరుకు ఒక కారణమని తానే పలుమారులు చెప్పుకొన్నాడు. నేడు లినక్సు సర్వరులలోను ఆపిల్ కంప్యూటర్లలోను ముద్రణమును నడపునట్టి కప్స్ అను సాధనము 1999లో వెలువడినది. అదియు మూలలిపి తెరచియుంచినదే. అయినను మూలలిపి స్వేచ్ఛ వేరు, ప్రింటరు స్వేచ్ఛ వేరు. అచ్చటను నిర్ణీతమైన గ్రూపులో పేరులేనివాడు ప్రింటరు అమరికలను మార్చబోయినచో 'ఫర్‌బిడెన్' అను మాటయే ఎదురగును.

మరల మార్చి 31కి వత్తము. సాయంకాలము నాలుగున్నరకు కడపటి బిల్లు ట్రెజరీకి వెడలెను. సూపరింటెండెంటుగారు నాకు రెండవ టీ తెప్పించిరి. ప్రింటరు పక్కన దాని చిరునామాను పెద్ద అక్షరములతో వ్రాసి అతికించి, నేను ఇంటికి పోవుచుండగా, వాకిటికడ హాజరు యంత్రమును చూచి ఒక్క క్షణము నిలిచితిని. ఉదయమంతయు సర్వరు పాపము దీనికొరకు పాత చిరునామాకు పోయి, అచ్చటనున్న ప్రింటరును హాజరు పట్టీ అడుగుచుండి యుండవలెను కదా! ప్రింటు రాలేదని కార్యాలయమంతయు నామీద విరుచుకొనిపడినది; హాజరు చేరుట లేదని ఒక్కరైనను ఫిర్యాదు చేయలేదు.

మరునాడు ఉదయమున ఆ యంత్రము తన కడుపులో దాచుకొన్న ముందునాటి పట్టీనంతయు సర్వరునకు అప్పగించెను. నేను బాగుచేసిన ప్రింటరుమీదనే దానిని ముద్రించి సూపరింటెండెంటుగారు బల్లమీద పెట్టుకొనిరి. ఆలస్యముగా వచ్చినవారి వరుసలో, పది గంటల నలుబది నిముషములకు ఎదురుగా, మొదటి పేరు నాది.